న్యూట్రల్‌లో దిగితే మిగిలేది పెట్రోలు కాదు

ఈ వారంలో నాలుగోసారి అదే మెసేజ్. "మీ సెడాన్‌లో మోడ్ బటన్ రహస్యాలు, కంపెనీలు చెప్పనివి" అని ఆరు పాయింట్లు, కింద నాలుగు దండాలు, పదిమందికి పంపమని ఆజ్ఞ. పంపినవాళ్లంతా కావలసినవాళ్లే. తాజాగా మా బావ.

మోడ్ బటన్ అంటే ఎకో, స్పోర్ట్ అంటూ కారు నడిచే తీరు మార్చేది. అందులో స్పోర్ట్ నొక్కితే హార్స్‌పవర్ పెరుగుతుందట. మామూలు చిన్న సెడాన్‌లో పెరగదు. యాక్సిలరేటర్ కాస్త తొక్కగానే థ్రాటిల్ (ఇంజిన్‌కి గాలి వదిలే మూత) ఎక్కువగా తెరుచుకుంటుంది, ఆటోమేటిక్ అయితే పై గేరుకి ఆలస్యంగా వెళ్తుంది, కొన్నింటిలో స్టీరింగ్ బిగుస్తుంది. ఉన్న బలమే తొందరగా అందుతుంది, అంతే.

ఎకో వాడితే ఇంజిన్ పాడవుతుందన్నది రెండోది. ఎకోలో పెడల్ మందగిస్తుంది, చాలా కార్లలో ఏసీ కూడా కాస్త తగ్గుతుంది. దానివల్ల చికాకు మనకే గానీ ఇంజిన్‌కి కాదు.

నడుస్తుండగా మోడ్ మారిస్తే గేర్‌బాక్స్ పగిలిపోతుందట. ఇది రాసినాయన మోడ్ బటన్‌నీ రివర్స్ గేరునీ ఒకటే అనుకున్నట్టున్నాడు.

ఇక నాలుగోది. "కొండ దిగేటప్పుడు ఎకోలో పెట్టి న్యూట్రల్ చేస్తే పెట్రోలు ఖర్చు సున్నా." మిగతావి నవ్వి వదిలేయొచ్చు, ఇది మనుషుల్ని చంపే సలహా. కార్బ్యురేటర్ కాలంలో దీనికి కాస్త అర్థం ఉండేదేమో. పెట్రోలు ఎంత చిమ్మాలో కంప్యూటరే చూసుకునే ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్‌లో లెక్క తిరగబడింది. గేరులో ఉండి పెడల్ వదిలేస్తే ఇంజిన్‌ని చక్రాలే తిప్పుతాయి. అది చూసి కంప్యూటర్ ఇంధనం ఆపేస్తుంది. వేగం బాగా తగ్గి ఇంజిన్ ఆగిపోయేలా ఉంటేనే మళ్లీ ఇస్తుంది. న్యూట్రల్‌లో చక్రాలతో ఆ లంకె తెగిపోతుంది కాబట్టి, ఇంజిన్ ఆగకుండా ఉండటానికే పెట్రోలు తాగుతుంది. అంటే ఆ సున్నా ఉన్నది గేరులోనే!

పోనీ, పెట్రోలు సంగతి వదిలేద్దాం. ఇంజిన్ పట్టు పోయాక బండి బరువంతా బ్రేకుల మీదే. తొక్కినకొద్దీ అవి వేడెక్కుతాయి, ప్యాడ్‌ల పట్టు తగ్గుతుంది. బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకునే రకం. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరి, పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోతుంది. అప్పుడు ఎదురుగా మలుపు ఉంటే, చెంచాడు పెట్రోలు మిగిల్చామన్న తృప్తితో తిరగండి మరి.

దిగేటప్పుడు చేయాల్సింది గేరు తగ్గించడం. ఆటోమేటిక్‌లో ఎల్ (లో గేరు) గానీ, గేరు మనమే మార్చుకునే మాన్యువల్ మోడ్ గానీ వాడాలి. బటనే నొక్కాలని అంత సరదాగా ఉంటే స్పోర్ట్ నొక్కండి, చాలా ఆటోమేటిక్‌లలో అది కింది గేరునే పట్టుకుని ఉంటుంది. మెసేజ్ రాసినాయన ఉన్న మోడ్‌లలో సరిగ్గా పనికిరానిదాన్నే వెతికి పట్టాడు.

వానలో స్పోర్ట్ పెడితే గ్రిప్ పెరుగుతుందన్నది ఐదోది. పెరిగేది జారుడు.

ఆరోది, వారానికోసారి స్పోర్ట్‌లో తోలితే కార్బన్ కాలిపోతుందని. దీన్నీ కొట్టిపారేద్దామనే కూర్చున్నాను. కానీ పొగలోని మసిని పట్టే పార్టిక్యులేట్ ఫిల్టర్ ఉన్న డీజిల్ బండిని ఎప్పుడూ ఊళ్లోనే, కొద్ది దూరాలకే తిప్పితే ఫిల్టర్‌లో మసి పేరుకుంటుంది. అది కాలాలంటే పొగ వేడెక్కాలి, అందుకు హైవే మీద కాసేపు ఆగకుండా తోలాలి. ఆర్‌పీఎం పెంచి ఉంచే స్పోర్ట్ అందుకు కొంత సాయపడుతుంది కూడా. కారణం తప్పుగా చెప్పినా, డీజిల్ వరకు ఆ పాయింట్ ఒప్పుకోక తప్పలేదు.

మా బావ ఈ ఆదివారమే కుటుంబంతో కొండ మీదికి వెళ్తున్నాడు. ఆయనకి మాత్రం ఇదంతా పంపలేదు, ఫోన్ చేసి చెప్పాను.