జొన్నరొట్టెతో మొదలైన పాఠం

ఏ ఉద్యోగమూ దొరకనివారే ఉపాధ్యాయులవుతున్నారని ఒక వ్యాసంలో చదివాను. ఆ వ్యాసకర్త అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. నేను డిగ్రీ చదివే రోజుల్లో, మూడు కంటే నాలుగు పెద్దది కాబట్టి మూడోవంతు కంటే నాలుగోవంతే ఎక్కువని పక్కింటి ఐదో తరగతి పిల్లవాడు పట్టుబట్టినప్పుడు, వాళ్లమ్మ అప్పుడే కాల్చిన జొన్నరొట్టెలు రెండు తీసుకుని ఒకదాన్ని మూడు ముక్కలుగా, ఇంకోదాన్ని నాలుగు ముక్కలుగా తుంచి వాడి ముందు పెట్టాను. ముక్క మీద ముక్క ఉంచి చూసుకుని, "ఎక్కువమందికి పంచితే తక్కువే వస్తది కదన్నా!" అని వాడు తనంతట తానే అన్న క్షణంలో నా దారి నాకు తెలిసింది. ఆ తర్వాత ఉపాధ్యాయ శిక్షణ డిగ్రీ అయిన బీఈడీ, అర్హత పరీక్ష టెట్, నియామక పరీక్ష డీఎస్సీ. తొమ్మిదేళ్లుగా బడిలోనే ఉన్నాను.

అయితే చిన్నపిల్లలకు పాఠం చెప్పాలన్న కోరికతోనే బీఈడీలో చేరి నష్టపోయినవారిని చూస్తే బాధ కలుగుతుంది. ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయ పోస్టులకు బీఈడీ అర్హత కాదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో తీర్పు చెప్పినందువల్ల, ఆ పిల్లల మధ్య ఉండాలనుకునేవారు ఇంటర్ తర్వాత రెండేళ్ల డీఈడీ లాంటి ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణ కోర్సు చేయవలసిందే. అందుకే ఏ వయసు పిల్లలతో తమకు పొసగుతుందో తెలుసుకోవడానికి వేసవి సెలవుల్లో నెల రోజులైనా ఎవరికైనా చదువు చెప్పి చూడమని మా పదో తరగతి పిల్లలకు చెబుతుంటాను.