టైరు జాడే పట్టా

మా ఊళ్లో పోరంబోకు స్థలం మీద మొట్టమొదట వాలేది పెంటకుప్ప. దాని జోలికి ఎవరూ పోరు. పెంటకుప్పతో తగువేమిటని ఊరుకుంటారు. మరుసటి సంక్రాంతికి దాని పక్కన గడ్డివాము లేస్తుంది. గడ్డి ఉందని గేదె వస్తుంది, గేదెకి నీడ కోసం పాక, పాకకి బల్బు, బల్బుకి మీటరు. మీటరు ఉంటే బిల్లు వస్తుంది, బిల్లంటే అదొక ప్రభుత్వ కాగితం. ఆ కాగితం చేత్తో పట్టుకుని తహసీల్దారు ఆఫీసు మెట్లెక్కిన మనిషి "ఇది తాతల నాటి నుంచీ మా అనుభవంలో ఉందండీ" అంటాడు. అబద్ధం కూడా కాదు పాపం. పని అయ్యేసరికి అతనే తాతయి ఉంటాడు.

ఈ విద్యలో మనకి సాటి లేరని చాలాకాలం గర్వపడ్డాను. అమెరికాలో యూటా రాష్ట్రం చూసొచ్చాక ఆ గర్వం కాస్తా దిగిపోయింది. అక్కడివాళ్లకి పెంటకుప్ప అక్కర్లేదు, గేదె అక్కర్లేదు. నాలుగు టైర్లుంటే చాలు.

మా బావమరిది సాల్ట్ లేక్ సిటీకి కాస్త దక్షిణాన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. ఇక్కడున్నప్పుడు స్కూటర్ని వానలో బయటికి తీసేవాడు కాదు, చెయిన్ తుప్పు పడుతుందని. అలాంటివాడు అక్కడికెళ్లి ఏకంగా 'సైడ్ బై సైడ్' అనే వాహనం కొన్నాడు. ట్రాక్టరుకీ రేసు కారుకీ పెళ్లి చేస్తే పుట్టే బిడ్డ అలా ఉంటుంది. తలుపులు సగమే ఉంటాయి, శబ్దం మాత్రం పూర్తిగా ఉంటుంది. ధర విన్నాక మా ఆవిడ తన తమ్ముడితో రెండు పూటలు మాట్లాడలేదు.

ఆ బండి నడపాలంటే ఆన్‌లైన్లో ఒక పాఠం చదివి పరీక్ష పాసవ్వాలని యూటా ప్రభుత్వం 2023 నుంచి నియమం పెట్టింది. మావాడు నేను టీ తాగేలోపు పాసై వచ్చాడు. "ఏముందిరా అందులో?" అంటే, "దారి వదిలి వెళ్లకూడదంట బావా, అంతే" అన్నాడు. ఇంత చిన్న విషయం మీద అక్కడ యాభై ఏళ్లుగా యుద్ధం నడుస్తోందని నాకు అప్పటికి తెలియదు.

మేం వెళ్లింది మోయాబ్. పేరు బైబిల్లోది, కొండలు ఎర్రవి, జనం దుమ్ము రంగువాళ్లు. 1967 నుంచీ ఏటా ఈస్టరుకి ఇక్కడ జీపుల జాతర జరుగుతుంది. చుట్టూ కనిపించే నేలలో ఎక్కువ భాగం కేంద్ర ప్రభుత్వానిదే, చూసుకునేది బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్, ముద్దుగా బీఎల్ఎం. దేశం మొత్తమ్మీద దీని చేతిలో సుమారు 24.5 కోట్ల ఎకరాలున్నాయి. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపితే 7 కోట్ల ఎకరాలు కూడా లేవు. ఈ మొత్తానికి కాపలా ఉండే బీఎల్ఎం పోలీసులు కొన్ని వందలమందే. ఒక్కొక్కరి వాటాకి దాదాపు 10 లక్షల ఎకరాలు వస్తుంది. అంటే దాదాపు ఇరవై మండలాలకి ఒక్క వీఆర్వోని వేసి, నాయనా, ఎక్కడైనా బండి దారి తప్పితే పట్టుకో అని చెప్పినట్టు. ఆ పోలీసునే రేంజరంటారు, కనిపించడం అక్కడ అదృష్టం కింద లెక్క. మేం మూడు రోజులున్నాం, ఒక్కరూ తగల్లేదు. జింకలు మాత్రం నాలుగు కనిపించాయి.

యుద్ధం సంగతికొద్దాం. 1972 ఫిబ్రవరిలో అధ్యక్షుడు నిక్సన్ ఒక ఉత్తర్వు మీద సంతకం చేశాడు. దేశంలో అప్పటికే రోడ్డు లేనిచోట తిరిగే ఆఫ్ రోడ్ బండ్లు 50 లక్షలు ఉన్నాయని అంచనా, వీటికి ఎక్కడ తిరగొచ్చో, ఎక్కడ తిరక్కూడదో గీతలు గీయండి అని దాని సారాంశం. నేలకి, జంతువులకి, నడిచి వచ్చేవాళ్లకి ఇబ్బంది వీలైనంత తగ్గేలా దారులు ఎంచమన్నాడు. 1977లో అధ్యక్షుడు కార్టర్ ఇంకో అడుగు వేసి, నష్టం జరుగుతున్నచోట వెంటనే మూసెయ్యమన్నాడు. వాళ్లు చెప్పిన గీతలు గీసే పని ఇప్పటికీ పూర్తికాలేదు. రీసర్వే అనే మాట విన్న తెలుగువాళ్లెవరికీ దీని మీద ఆశ్చర్యం కలగకూడదు.

అయితే నిక్సన్ కంటే వందేళ్ల ముందటి చట్టం ఒకటుంది. నా అభిప్రాయంలో అసలు కథానాయకుడు అదే. 1866 నాటి గనుల చట్టంలో ఒకే ఒక్క వాక్యం: వేరే అవసరానికి కేటాయించని ప్రభుత్వ భూమి మీదుగా రహదారి వేసుకునే హక్కు ఇందుమూలంగా ఇవ్వడమైనది. దరఖాస్తు లేదు, కొలతలు లేవు, మ్యాపు లేదు. 1976లో ఆ వాక్యాన్ని రద్దు చేశారు కానీ, అప్పటికే పుట్టిన హక్కులు చెల్లుతాయన్నారు. యూటా లెక్కలో పదేళ్లపాటు జనం ఆగకుండా తిరిగితే అది రహదారే. కాబట్టి ఇవాళ ఆ రాష్ట్రం 12 వేలకి పైగా దారులు మావేనని కేంద్రం మీద దావాలు వేసి కూర్చుంది. వాటిలో రోడ్లున్నాయి, రోడ్లలాంటివున్నాయి, ఒకప్పుడు పశువులు నడిచిన జాడలూ, వాగు పొర్లిన గుంటలూ ఉన్నాయని పర్యావరణం వాళ్ల ఆరోపణ.

వీటికి సాక్ష్యం ఎవరు చెప్పాలి? ముసలివాళ్లు. 1976కి ముందు ఆ దారిలో తిరిగినవాళ్లు కాలం చేసేలోపు వాంగ్మూలాలు తీసుకోవాలని రాష్ట్రం న్యాయవాదులు ఊరూరా తిరిగారు. ఇది తెలిసిన క్షణం నాకు కళ్లు చెమర్చాయి. మా గోదావరి వైపు పుంత అంటాం, గుంటూరు వైపు డొంక అంటారు, తెలంగాణలో బండ్లబాట. పేరేదైనా విచారణ ఒకటే. అరుగు మీద ముసలాయన్ని కూర్చోబెట్టి, "తాతా, ఈ దారిన బండి తోలావా లేదా?" అని అడగడం. "తోలకేం! మీ అమ్మ పెళ్లికి అరిటిగెలలు ఈ దారినే వచ్చాయి" అని ఆయన చెప్పడం. అమెరికా నాగరికత మన స్థాయికి ఇంత దగ్గరగా వచ్చిందని మన పత్రికలు ఎందుకు రాయడం లేదో!

ఇంకా గొప్ప ఘట్టం రీక్యాప్చర్ క్యాన్యన్‌ది. బ్లాండింగ్ అనే చిన్న ఊరి పక్కనున్న లోయ. అందులో పూర్వ ప్యూబ్లో ప్రజల, అంటే అక్కడి ఆదివాసుల ఇళ్లు, సమాధులు ఉన్నాయి, కొన్ని వెయ్యేళ్లు దాటినవి. 2005లో ఇద్దరు స్థానికులు ఎవరినీ అడక్కుండా గడ్డపారలు, పారలు పట్టుకుని లోయలో ఏటీవీలకి, అంటే గుట్టలెక్కే చిన్న మోటారు బండ్లకి, దారి వేసేశారు. తూములు పెట్టారు, చిన్న వంతెన కూడా కట్టారు. మన దగ్గర కాంట్రాక్టరు బిల్లు తీసుకుని కూడా తూము పెట్టడు. వీళ్లు బిల్లు లేకుండా పెట్టారు. ఇంత చక్కని పౌరసేవకి 2011లో వాళ్లు 35 వేల డాలర్లు కట్టాల్సొచ్చింది. పురావస్తు స్థలాలు దెబ్బతిన్నాయని బీఎల్ఎం 2007లోనే లోయని బండ్లకి మూసేసింది. అక్కడ దారి ఇవ్వమని కౌంటీ, అంటే మన జిల్లాలాంటిది, దరఖాస్తు పెట్టుకుంది. ఫైలు ఏళ్ల తరబడి కదల్లేదు. ఈ ఒక్క విషయంలో నాకు కౌంటీ మీద వ్యంగ్యం రావడం లేదు, సానుభూతే వస్తోంది. ఫైలు కదలని బాధ ఏ దేశంలోనైనా బాధే.

చివరికి 2014 మే 10న శాన్ వాన్ కౌంటీ కమిషనర్ ఫిల్ లైమన్ ఉద్యమానికి దిగారు. సుమారు 50 ఏటీవీలు జెండాలతో మూసిన లోయలోకి బయల్దేరాయి. పశువుల మేత రుసుము కట్టనని నెవాడాలో నెల క్రితమే తుపాకుల కాపలాతో నిలబడ్డ బండీ కుటుంబం నుంచి ఒక కొడుకూ వచ్చాడు. ఇంటిపేరే బండీ, రాకుండా ఎలా ఉంటాడు! గాంధీగారు దండికి 24 రోజులు నడిచారు. అప్పట్లో ఏటీవీలు లేవు కాబట్టి ఆయన్ని తప్పుపట్టలేం.

మనవాళ్లు 'దున్నేవాడిదే భూమి' అన్నారు. అది పాతకాలపు నినాదం, ఒళ్లు వంచాలి. బ్లాండింగ్ ఉద్యమం దాన్ని ఒకడుగు ముందుకు తీసుకెళ్లింది: తొక్కేవాడిదే భూమి. కూర్చునే తొక్కొచ్చు.

ఆ రోజు రేంజర్లు ఎవరినీ ఆపలేదు. దగ్గరుండి చూసి, రాసుకుని, నెలల తర్వాత కేసులు పెట్టారు. 2015లో కోర్టు లైమన్‌కి 10 రోజుల జైలు, మూడేళ్ల ప్రొబేషను వేసింది. జరిగిన నష్టం కింద తోటి ముద్దాయితో కలిసి 95,955 డాలర్ల 61 సెంట్లు కట్టమంది. లైమన్ వృత్తిరీత్యా అకౌంటెంట్. ఆయన్ని పైసలతో సహా లెక్క చెప్పి శిక్షించడంలో ఒక మర్యాద ఉంది. ఆ 61 సెంట్లు ఏ రాయి విరిగినందుకో!

తర్వాతి కథ తెలుగు పాఠకులకి విడమర్చి చెప్పక్కర్లేదు. జైలు, ఆ వెనక శాసనసభ: 2018లో యూటా ప్రతినిధుల సభకి గెలిచారు. 2020 డిసెంబర్లో అధ్యక్షుడు ట్రంప్ క్షమాభిక్ష ఇచ్చారు. 2024లో గవర్నరు పదవికి నిలబడి, పార్టీ మహాసభలో నెగ్గి, అభ్యర్థిని ఓటర్లు ఎంచే ప్రైమరీలో ఓడిపోయారు. ఓదార్పు యాత్ర ఒక్కటే తక్కువైంది.

ఇక్కడొక చిక్కు ఉంది, నా వాదనకి అడ్డొస్తుంది కానీ దాచను. "మా పూర్వీకుల దారి" అన్నవాళ్ల పూర్వీకులు ఆ ప్రాంతానికి రావడం మొదలైంది 1880లోనే. అంతకుముందు లోయలో ఉన్నవాళ్లకి బండి లేదు, చక్రమే లేదు. వాళ్ల బంధువులే చాకో అనే చోట 9 మీటర్ల వెడల్పు రోడ్లు తిన్నగా వేశారు, కాలినడక కోసం. చక్రం లేకుండా రోడ్డు వేసినవాళ్ల సమాధుల మీద, చక్రం ఉన్నవాళ్లు రోడ్డు లేదని ఏడుస్తూ తిరిగారు. పదేళ్ల అనుభవం చాలంటే వెయ్యేళ్ల అనుభవం ఉన్నవాళ్లకి ఎన్ని పట్టాలివ్వాలో! ఆ లెక్క తేల్చడానికి మళ్లీ అకౌంటెంటే కావాలి.

మోయాబ్‌కి తిరిగొస్తే, అక్కడ 2023 సెప్టెంబర్లో బీఎల్ఎం ఒక ప్రాంతానికి దారుల ప్రణాళిక ప్రకటించింది. మొత్తం 1,100 మైళ్లకు పైగా ఉన్న దారుల్లో 317 మైళ్లు మూసి, 800 మైళ్లకు పైగా తెరిచి ఉంచింది. 'మమ్మల్ని గెంటేశారు' అని బండ్లవాళ్లు కోర్టుకెళ్లారు. 800 మైళ్లంటే దాదాపు 1,300 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లి తిరిగొచ్చేంత దూరం, అదంతా ఒక్క ఊరి పక్కన. ఇంత ఇరుకులో మనుషులెలా బతుకుతున్నారో అని నాకు గుండె తరుక్కుపోయింది. అవతల పర్యావరణం వాళ్లూ తక్కువ తినలేదు. ఎడారి నిశ్శబ్దం కాపాడాలని నగరం నుంచి 400 కిలోమీటర్లు కారులో వస్తారు. బండికి సైకిలు తగిలించి, పైన పడవ కట్టి మరీ వస్తారు.

ఆ 1,100 మైళ్లలో ఎన్ని దారులు ప్రభుత్వం వేసిందో అడక్కండి. చాలావాటిని ఎవరో ఒకరు తొక్కారు, వెనక ఇంకొకరు తొక్కారు, సర్వేవాళ్లొచ్చి "అరే, ఇక్కడ దారి ఉందే" అని మ్యాపులో ఎక్కించారు. మ్యాపులో ఎక్కాక మూస్తే అన్యాయం. మా ఊరి కరెంటు మీటరు కంటే ఇది సులువు, నెలనెలా బిల్లు కూడా రాదు.

రెండో రోజు మధ్యాహ్నం మా వంతు వచ్చింది. దారి మధ్యలో నీటి గుంట అడ్డం. నిండా అరడుగు లోతు ఉంటుంది. అది దాటడానికే పుట్టిన బండి మాది. మావాడు మాత్రం ఆపి గుంట వైపు దిగులుగా చూశాడు.

"బురదవుద్దేమో బావా."

"బురదలో తిప్పడానికే కదరా ఇంత పోసి కొన్నావు?"

"మొన్ననే కడిగించాను. పక్క నుంచి వెళ్దాం."

పక్కన గోధుమరంగు పట్టీలాంటి గుర్తు ఉంది, బండి బొమ్మ మీద ఎర్ర గీత. దాని వెనక నేల మాడిన దిబ్బరొట్టె పైపొరలా నల్లగా, గరుకుగా ఉంది. అది మట్టి కాదట. కంటికి కనిపించని జీవులు, నాచు, లైకెన్లు కలిసి ఇసుకని కొట్టుకుపోకుండా పట్టి ఉంచిన బతికున్న పొరట. ఒకసారి తొక్కితే కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుందట. ఇదంతా ముందు రోజు ఊళ్లో బోర్డు మీద చదివింది నేనే. చదివినవాణ్ని చదివినట్టు నోరు మూసుకుని సీటు బెల్టు బిగించుకున్నాను. చప్పుడేమీ రాలేదు. అప్పడం విరిగితే వచ్చేంత కూడా రాలేదు.

అవతలికి చేరాక మావాడు ఫోను తీసి మ్యాప్ యాప్‌లో ఆ వంపుని గుర్తు పెట్టుకున్నాడు, వచ్చేసారి పనికొస్తుందని. పేరు అడిగితే 'బావ దారి' అని టైపు చేశాడు. నా పేరు మీద రోడ్డు రావడం అదే మొదలు.

మర్నాడు తిరుగు ప్రయాణంలో చూస్తే గుంట పక్కన మా జాడ మీద ఇంకో మూడు జాడలున్నాయి. ఎర్ర గీత ఉన్న పట్టీ ఒక పక్కకి వాలిపోయింది. "చూశావా బావా, ఒక్క రోజులో ఎంత ట్రాఫిక్కో!" అన్నాడు మావాడు, సొంతిల్లు గృహప్రవేశం చేసుకున్నంత సంతోషంగా.

పదేళ్లు నిండాక ఎవరైనా విచారణకి పిలిస్తే నా వాంగ్మూలం సిద్ధంగా ఉంది. అప్పటికి అరుగు మీద కూర్చునే వయసు కూడా వచ్చేస్తుంది. విమానం టికెట్టు మాత్రం కౌంటీవాళ్లే పెట్టుకోవాలి.