మోకాలికి స్టీరింగ్ తగిలితే

మా తమ్ముడి ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలు, అంటే 190 సెంటీమీటర్లు. మొదటి కారు కొనాలని రెండు నెలలుగా తిరుపతిలో షోరూములు తిరుగుతున్నాడు, ఏదీ ఖాయం చేయడం లేదు. మా మేనమామ ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. పాతికేళ్లు కొండకు బాడుగ కార్లు నడిపిన మనిషి. మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా ఇంటి వరండాలో వాళ్లిద్దరికీ జరిగిన వాదం ఇది. నేను పక్కనే ఉన్నాను.

మామ: ఇంకా ఎన్నాళ్లు చూస్తావురా? మైలేజీ బాగుండాలి, స్పేర్లు ఊళ్లోనే దొరకాలి, నెలనెలా కట్టే కంతు ఇంటికి బరువు కాకూడదు. ఈ మూడూ కుదిరితే కొనెయ్యాలి. కూర్చోవడం అంటావా, పది రోజులు నడిపితే ఒళ్లు అదే అలవాటు పడుతుంది.

తమ్ముడు: ఒళ్లు అలవాటు పడుతుందేమో గానీ ఎముక పొట్టిది కాదు కదా మామా. పోయిన నెల స్నేహితుడి కారులో అమ్మను కొండకు తీసుకెళ్లాను. దిగేది పాత ఘాట్ రోడ్డు, 1944లో వేసింది. ఆ మలుపుల సంగతి నీకు నేను చెప్పాలా! స్టీరింగ్ పూర్తిగా తిప్పిన ప్రతిసారీ నా చెయ్యి నా మోకాలికే కొట్టుకుంది. యాక్సిలరేటర్ మీంచి బ్రేకు మీదికి కాలు మార్చాలంటే మోకాలు స్టీరింగ్ కింద ఇరుక్కుంటుంది. కాలు పక్కకు తిప్పి, లాక్కుని, అప్పుడు బ్రేకు తొక్కాలి. అలిపిరి చేరేదాకా చెమటలే.

ఈ మాట వినగానే నాకు గుండె జారినట్టయింది. ఆ రోజు వెనక సీట్లో అమ్మ పక్కన నేనూ ఉన్నాను. వాడు ఒక్క ముక్క కూడా బయటికి చెప్పలేదు.

మామ: సీటు వెనక్కి జరుపుకోవాలి కదరా.

తమ్ముడు: చివరిదాకా జరిపాను. అప్పుడు కాళ్లకు చోటు దొరికింది, చేతులకు స్టీరింగ్ అందలేదు. అందేట్టు ముందుకు జరిగితే మళ్లీ మోకాళ్లు తగులుతాయి. ఆ కారులో స్టీరింగ్ పైకీ కిందికీ కదులుతుందే గానీ మన వైపుకు రాదు. టెలిస్కోపిక్ అయితే దాన్ని దగ్గరికి లాక్కోవచ్చు. పొడుగు కాళ్లవాడికి అన్నిటికంటే ముందు చూడాల్సింది అదే.

మామ: తల పైకప్పుకు తగిలితే వీపు కాస్త వాల్చుకో. పొడుగు మనుషులందరూ అలాగే నడుపుతారు.

తమ్ముడు: అలాగే నడుపుతారు, అదే తప్పు. వీపు వాల్చితే చేతులు ఇంకా దూరమవుతాయి, బెల్టు భుజం మీద ఆనకుండా గాలిలో ఉంటుంది. గుద్దుకున్నప్పుడు ఆ బెల్టు పట్టేలోపు మనిషి ముందుకు జారిపోతాడు. ఇంకొకటి, హెడ్‌రెస్ట్ పై అంచు తల పైభాగం దాకా రావాలి. చాలా కార్లలో పూర్తిగా పైకి లాగినా నాకు మెడ దగ్గరే ఆగిపోతుంది. వెనక నుంచి ఎవరైనా గుద్దితే మెడ దాని మీంచి వెనక్కి విరుగుతుంది.

మామ: సరే, మన మెకానిక్ ఉన్నాడు. సీటు పట్టాలు ఊడదీసి రెండు అంగుళాలు వెనక్కి బిగిస్తాడు. సగం రోజు పని.

ఇక్కడ మాత్రం నేను ఊరుకోలేకపోయాను, వద్దు మామా అన్నాను. తమ్ముడు కూడా గొంతు పెంచాడు.

తమ్ముడు: ఆ బోల్టులు ఎక్కడ ఉండాలో లెక్కకట్టి, కారును గోడకు గుద్ది పరీక్ష చేసి పెడతారు మామా. ప్రమాదంలో నా బరువంతా మోసేది అవే. కొత్తగా రంధ్రాలు వేసిన రేకు ఆ దెబ్బకు ఆగుతుందని ఎవరు చెప్పగలరు? రెండు అంగుళాల కోసం ఆ పని చెయ్యను.

మామ కాసేపు మాట్లాడలేదు. తర్వాత లెక్కలోకి దిగాడు.

మామ: అయితే పెద్ద కారే కావాలంటావు. పొడవు 4 మీటర్లు దాటితే జీఎస్టీ ఎంతో తెలుసా? 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం. చిన్న పెట్రోలు కారుకు 18 శాతమే. నీ కాళ్ల కోసం అంత తేడా కడతావా?

తమ్ముడు: పెద్ద కారని నేనెప్పుడన్నాను? బయట పొడవుకీ లోపలి చోటుకీ సంబంధం తక్కువ. బలెనో పొడవు 3,990 మిల్లీమీటర్లు, ఎత్తు 1,500. వ్యాగన్ఆర్ పొడవు 3,655, ఎత్తు 1,675. అంటే పొడవులో అడుగుకు పైనే తక్కువ, ఎత్తులో 17.5 సెంటీమీటర్లు ఎక్కువ. ఎత్తు ఉన్న కారులో కుర్చీ మీద కూర్చున్నట్టు నిటారుగా కూర్చోవచ్చు. పాదాలు కిందికి దిగుతాయి, కాళ్లు ముందుకు అంతగా చాచక్కర్లేదు. పాత శాంట్రోను టాల్ బాయ్ అనేవాళ్లు, నువ్వు నడిపావు కదా.

మామ: నడిపాను. ఎక్కడం దిగడం సుఖంగా ఉండేది, నడుము పట్టేది కాదు. అది ఒప్పుకుంటాను. కానీ నీ టెలిస్కోపిక్ స్టీరింగ్ చాలా మోడళ్లలో పై వేరియంట్లకే ఇస్తారు. ఆ పై వేరియంట్లలోనే సన్‌రూఫ్ కూడా అంటగడతారు. కాళ్లకు చోటు కొనబోయి తలకు చోటు పోగొట్టుకుంటావు.

నిజమే. సన్‌రూఫ్ చట్రం, తెర పైకప్పు లోపలి వైపు చోటు తింటాయి. అంగుళం తగ్గినా వాడి ఎత్తు మనిషికి అది స్పీడ్ బ్రేకర్ దగ్గర తెలుస్తుంది. ఈ మాట మామ నోటి నుంచి రావడం నాకు సంతోషమేసింది, ఎందుకంటే షోరూముల్లో మాకు ఇది ఎవరూ చెప్పలేదు.

తమ్ముడు: అందుకే కదా ఇన్ని రోజులు తిరుగుతున్నాను. సీటు పూర్తిగా కిందికి దించి, తలకీ పైకప్పుకీ మధ్య పిడికిలి పడుతుందా అని చూస్తాను. ఛాతీకీ స్టీరింగ్ మధ్యకీ కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి, లేకపోతే ఎయిర్‌బ్యాగే దెబ్బ కొడుతుంది. రోజూ వేసుకునే బూట్లతోనే వెళ్తాను, చెప్పులతో కూర్చుంటే లెక్క తప్పుతుంది. మా ఆఫీసులో నా ఎత్తే ఉన్న అతనికి బాగా సరిపోయిన కారు నాకు సరిపోలేదు. అతనివి నాకంటే పొడుగు కాళ్లు, నాది అతనికంటే పొడుగు నడుము. గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని కొలిస్తే నా తల 99 సెంటీమీటర్ల ఎత్తుకు వచ్చింది. మన ఒళ్లు పెట్టి చూస్తేనే తెలుస్తుంది మామా.

మామ: అంతా నీ సీటు గురించే చెప్తున్నావు. నువ్వు చివరిదాకా వెనక్కి జరిపితే నీ వెనక కూర్చునేది ఎవరు? మా అక్క. ఆమెకు మోకాళ్ల నొప్పులు. తిరుపతి నుంచి చిత్తూరు దాకా కాళ్లు ముడుచుకుని కూర్చోగలదా? బాడుగ కారు నడిపినప్పుడు నేను నా సీటు కాదురా, వెనక వాళ్ల మోకాళ్లు చూసుకుని సీటు జరుపుకునేవాణ్ణి.

తమ్ముడి దగ్గర దీనికి జవాబు లేదు. రెండు నెలల్లో ఒక్కసారి కూడా వాడు తన వెనక సీట్లో ఎవరినీ కూర్చోబెట్టి చూడలేదు. నేను చాలాసార్లు వెంట వెళ్లాను, ముందు సీట్లోనే కూర్చున్నాను. నాకూ తట్టలేదు.

తమ్ముడు: అమ్మ ఎడమ వైపు కూర్చోవచ్చు కదా...

మామ: నలుగురు ఎక్కిన రోజున? మీ నాన్నను కూర్చోబెడతావా అక్కడ?

తమ్ముడు: సరే మామా. నా సీటు నాకు కుదిరినట్టు పెట్టి, వెనక్కి వెళ్లి నేనే కూర్చుని చూస్తాను.

మామ: నువ్వు కూర్చుంటే ఏం తెలుస్తుంది, నొప్పి నీది కాదు. రేపు రేణిగుంట రోడ్డు షోరూములకు అక్కను కూడా తీసుకురా. మైలేజీ సంగతి మాత్రం నేను అడుగుతాను, అది వదిలిపెట్టను.

లోపల గిన్నెలు సర్దుతున్న అమ్మ బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ అడిగింది: "పొద్దున ఎన్ని గంటలకు బయల్దేరాలి?"