రోడ్డు ఆగిన చోట నడక మొదలైంది

అలాస్కా నుంచి అర్జెంటీనా దక్షిణ కొస దాకా దాదాపు 30,000 కిలోమీటర్లు సాగే పాన్ అమెరికన్ హైవే ఒక్క చోట మాత్రం తెగిపోతుంది. పనామాలోని యావీసా అనే చిన్న ఊళ్లో రోడ్డు నది ఒడ్డుకొచ్చి ఆగిపోతుంది. అక్కడి నుంచి పొడవాటి చెక్క పడవలే దిక్కు. కొలంబియాలో మళ్లీ రోడ్డు దొరకాలంటే సుమారు 100 కిలోమీటర్లు, అంటే హైదరాబాద్ నుంచి మహబూబ్‌నగర్ అంత దూరం, డేరియన్ అడవి దాటాలి.

ఇక్కడ రోడ్డు వేయాలని 1970ల్లో అమెరికా డబ్బులిచ్చింది. దక్షిణాది పశువుల గాలికుంటు వ్యాధి ఆ రోడ్డు మీదుగా ఉత్తరానికి పాకుతుందన్న భయం తోడై, పర్యావరణ సంఘాలు వేసిన కేసులో 1975లో అమెరికా కోర్టు పని ఆపించింది. అడవి మిగిలింది, అది మంచిదే. కానీ పశువులను ఆపిన అడవి మనుషులను ఆపలేదు.

2022 జనవరిలో మెక్సికో వెనిజులా వాళ్లకు వీసా తప్పనిసరి చేసింది. అంతవరకు అమెరికా చేరడానికి మెక్సికో దాకా విమానంలో వెళ్లినవాళ్లకు ఆ దారి మూసుకుపోయింది. 2021లో డేరియన్ దాటిన వెనిజులా వాళ్లు 3,000 లోపే. మరుసటి ఏడాది 1,50,000 మంది! వలసను ఆపడానికి పెట్టిన నిబంధన చంటిపిల్లలను చంకనేసుకున్న తల్లులను బురదలోకి, ఉప్పొంగే వాగుల్లోకి, దోపిడీ ముఠాల చేతుల్లోకి నెట్టింది. దీన్ని విజయం అనడం నాకు సాధ్యం కాదు. 2023లో అన్ని దేశాల వాళ్లూ కలిసి 5,20,000 మందికి పైగా దాటారు. వాళ్లలో ‘డంకీ’ దారి, అంటే దేశాలు దాటుకుంటూ దొంగచాటుగా వెళ్లే దారి పట్టిన మన పంజాబ్, హర్యానా, గుజరాత్ కుర్రాళ్లూ ఉన్నారు.

అసలు ఈ సరిహద్దు వయసెంత? 1903 దాకా పనామా కొలంబియాలో భాగమే. కాలువ కోసం అమెరికా వెన్నుదన్నుగా నిలిస్తే విడిపోయింది. ఎంబెరా ఆదివాసులు ఆ గీతకు రెండు వైపులా ఉన్నారు. అడవి నుంచి బయటపడ్డ వలసదారులు మొదట చేరుతూ వచ్చింది వాళ్ల ఊరు బాహో చికీటోకే. కొన్ని వందల మంది ఉండే ఊరికి రోజూ వేల మంది వస్తే తాగునీరు, నది ఏమవుతాయి? ఆ లెక్క ఏ రాజధానీ వేయలేదు.

2025లో అమెరికా తలుపులు మూసేశాక ప్రవాహం తిరగబడింది. ఉత్తరాన ఆశ వదులుకున్నవాళ్లు ఈసారి అడవి కాదని పనామా కరీబియన్ తీరం నుంచి పడవలెక్కి కొలంబియా వైపు వెళ్లారు. ఆ ఫిబ్రవరిలో అలాంటి పడవ ఒకటి మునిగింది. ఇంటికి తిరిగెళ్తున్న ఎనిమిదేళ్ల వెనిజులా చిన్నారి అందులో చనిపోయింది.