సంగీతంలో అందరికీ ‘ఏ’ గ్రేడే

ప్రాథమిక బడుల్లో సంగీతం నేర్పాలని కొందరు పట్టుబడుతున్నారు. వీళ్లు మా పక్కింటి మూడో తరగతి పిల్లాడి ప్రోగ్రెస్ కార్డు చూసినట్టు లేరు. కళలు, సాంస్కృతిక విద్య అన్న గడిలో ‘ఏ’ గ్రేడు ఉంది. వాడికే కాదు, క్లాసులో అందరికీ అదే. “ఏం నేర్పారురా?” అంటే నా వంక జాలిగా చూశాడు. ఒక్క స్వరం నేర్పకుండా ఇంతమంది విద్వాంసుల్ని తయారుచేయడం త్యాగరాజస్వామి వల్ల కూడా కాలేదు.

చట్టం రాసినవాళ్లదీ ముందుచూపే. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు 100 దాటితే కళలకు పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలి. ఒకటి నుంచి ఐదు దాకా ఆ ఊసే లేదు. 60 మంది వరకు ఇద్దరు టీచర్లు, అంతే. మొక్కప్పుడు వంచితే విరుగుతుందేమో, మానయ్యాక పార్ట్‌టైముగా వంచుదామన్న దయ! పైగా ఆ ఇద్దరిలో ఒకరు హాజరు ఎక్కించాలి, ఇంకొకరు మధ్యాహ్న భోజనం గుడ్లు లెక్కపెట్టాలి. వాళ్ల చేతికి శ్రుతిపెట్టె ఇస్తే గుడ్ల లెక్క తప్పదూ?

అసలు బడిలో సంగీతం లేదన్నదెవరు? పొద్దున ప్రార్థన వినండి. ముందు నిలబడ్డ అమ్మాయి హుషారుగా ఐదున్నర శ్రుతిలో ఎత్తుకుంటుంది. రెండో చరణానికి ఆడపిల్లలు పైన చిక్కుకుపోతారు. మగపిల్లలు అటక మీంచి దూకినట్టు కిందికి దిగిపోతారు. హెడ్మాస్టరు గారు ఎవరితోనూ సంబంధం లేకుండా మధ్యలో ఉంటారు. మంద్ర, మధ్య, తార స్థాయిలు, అంటే కింది, నడిమి, పై గొంతులు మూడూ ఒకేసారి! పెద్ద కచేరీల్లో కూడా ఒకదాని తర్వాత ఒకటే వినిపిస్తారు.

ఇక కాలాలు, అంటే వేగాలు. సంగీతంలో తొలి పాఠం సరళీ స్వరాల్ని మూడు కాలాల్లో పాడిస్తారు కదా, మనం సిలబస్‌నే అలా లాగిస్తాం. జూన్‌లో మొదటి కాలం, దసరా సెలవులయ్యాక రెండో కాలం, మార్చిలో మూడో కాలం. ఎక్కాలకైతే రాగం కూడా ఉంది. 72 మేళకర్తల్లో, అంటే మూల రాగాల్లో, అది దేనికి పుట్టిందో ఆ లెక్క కట్టిన వేంకటమఖి దిగివచ్చినా తేల్చలేడు.

ప్రైవేటు బడుల్లో ఇంకాస్త నయం, కీబోర్డు ఉంటుంది. అడ్మిషన్ల కరపత్రంలో దాని ఫొటో కూడా ఉంటుంది. మిగతా ఏడాదంతా గుడ్డ కప్పుకుని ప్రిన్సిపాల్ గదిలో ఉంటుంది. వార్షికోత్సవం నాడు సినిమా పాటంతా స్పీకరే పాడుతుంది కాబట్టి పిల్లల గొంతులకు సంపూర్ణ విశ్రాంతి.

ఒక్కటే చిక్కు. మా పక్కింటివాడు దేనిమీదపడితే దానిమీద వేళ్లతో వాయిస్తుంటాడు. మొన్న మా అరుగుమీద వాయిస్తుంటే లెక్కపెట్టాను. ఎనిమిదేసి దెబ్బలు, ఎక్కడా జారలేదు. ఆది తాళం. ఎవరు నేర్పారో వాడికీ తెలీదు. అయితే బడివాళ్లు గమనించకుండా ఏమీ లేరు. అదే కార్డులో, ఆ ‘ఏ’ గ్రేడుకు రెండు గళ్ల కింద, ఎర్ర సిరాతో రాశారు: “ప్రవర్తన: సి. క్లాసులో బల్ల వాయిస్తున్నాడు. తల్లిదండ్రులు వచ్చి కలవాలి.”