పిలిస్తే పలికే దేవుడు

పాలకులు మతాన్ని వాడుకుంటారని ఒక చౌకబారు ఆరోపణ ఎప్పటి నుంచో ఉంది. నేను దాన్ని ఖండిస్తున్నాను. చరిత్ర కొంచెం ఓపిగ్గా చదివితే తేలేది వేరు. జబ్బుపడ్డ బిడ్డ కోసం సామాన్యుడు ఏళ్ళ తరబడి మొక్కినా ఉలకని పలకని దేవుడు, గద్దె మీదున్నవాడు అడిగితే వెంటనే పలుకుతాడు. అదీ సరిగ్గా అవసరం పడ్డ వారంలోనే. ఇంతటి సమయపాలన కళ్ళ ముందే ఉండగా లోకంలో ఇంకా నాస్తికులు ఎలా మిగిలారో నాకు అంతుపట్టదు.

చైనా మహారాణి వూ జెతియాన్‌నే తీసుకోండి. తెర వెనక నుంచి చాలా ఏళ్ళు ఏలాక, క్రీ.శ. 690లో ఆమెకు స్వయంగా చక్రవర్తి కావాలనిపించింది. ఆడవాళ్ళు ఆ పీఠం ఎక్కడానికి కన్ఫ్యూషియన్ సంప్రదాయం ఒప్పుకోదు. ఏం చేయాలా అని అందరూ టెన్షన్ పడుతుంటే, కొందరు బౌద్ధ భిక్షువులు మహామేఘ సూత్రం మీద ఒక వ్యాఖ్యానం తెచ్చి ఆస్థానంలో సమర్పించారు. ఒక దేవత స్త్రీగా పుట్టి రాజ్యమేలుతుందని సూత్రంలో ఉందట. ఆ స్త్రీ ఎవరో వ్యాఖ్యానం తేల్చింది. ఆ సూత్రం పేరిట దేశమంతా ఆలయాలు వెలిశాయి. గ్రంథం పాతదే, అందులోని మాటలూ పాతవే. అర్థం మాత్రం ఆ ఏడాదే స్ఫురించింది. గిట్టనివాళ్ళు దీన్ని పన్నాగం అంటారు. నేను పాండిత్యం అంటాను.

ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ భక్తిని శంకించేవాళ్ళూ ఉన్నారు. పాపం ఆయన 1521లో, పోప్ అధికారాన్ని ధిక్కరించిన మార్టిన్ లూథర్‌ను ఖండిస్తూ పుస్తకమే రాశాడు. మెచ్చుకున్న పోప్ 'విశ్వాస రక్షకుడు' అని బిరుదిచ్చాడు. కొన్నేళ్ళకు రాజుగారికి తన పెళ్ళి దేవుడికి ఇష్టం లేదని తెలిసింది. ఆ తెలియడమూ ఆన్ బొలిన్ అనే మరో యువతి మీద మనసు పడ్డ రోజుల్లోనే తెలిసింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు అప్పటి పోప్ పెళ్ళి రద్దు కుదరదన్నాడు. ఆయన నిష్ఠనూ తక్కువ చేయకూడదు. రాణీగారి మేనల్లుడు ఐదో చార్లెస్ చక్రవర్తి సైన్యం 1527లోనే రోమ్‌ను కొల్లగొట్టి ఆయన్ను బందీ చేసింది. అలాంటి మేనల్లుడు ఉంటే వివాహబంధం ఎంత పవిత్రమో ఎవరికైనా ఇట్టే బోధపడుతుంది.

చివరికి 1534లో, ఇంగ్లండ్ చర్చికి భూమ్మీద అధిపతి రాజేనని చట్టం వచ్చింది. మరో రెండేళ్ళకు సన్యాసుల మఠాల్లో భక్తి సన్నగిల్లిందని కనిపెట్టారు. సుమారు 800 మఠాలు మూతపడి వాటి భూములన్నీ ఖజానాకు చేరాయి. భూముల్లేని మఠాల్లో భక్తి ఎలా ఉందో ఎవరూ విచారించినట్టు లేదు. ఇక ఆ బిరుదంటారా? పోప్ వెనక్కి తీసుకుంటే పార్లమెంటు మళ్ళీ ఇచ్చింది. పోప్‌ను కాదన్న సింహాసనం, పోప్ మొదలుపెట్టిన బిరుదును నేటికీ బ్రిటిష్ నాణేల మీద ముద్రించుకుంటోంది.

దేవుణ్ణి నమ్మనివాడికీ ఈ సదుపాయం ఉంది. స్టాలిన్ హయాంలో 1931లో మాస్కోలోని క్రీస్తు రక్షకుడి కెథెడ్రల్‌ను పేల్చేశారు. తర్వాత హిట్లర్ సైన్యం దేశంలోకి చొరబడింది. 1943 సెప్టెంబర్ 4న ముగ్గురు మతపెద్దలకు క్రెమ్లిన్ నుంచి పిలుపొచ్చింది. 1925 నుంచి ఖాళీగా ఉన్న ప్యాట్రియార్క్ (రష్యన్ ఆర్థడాక్స్ చర్చి అధిపతి) పీఠానికి నాలుగే రోజుల్లో ఎన్నిక జరిగిపోయింది. ప్రభుత్వ కార్యాలయంలో నాలుగు రోజుల్లో కదిలిన ఫైలు మీరెక్కడైనా చూశారా?

అయితే ఒక జాగ్రత్త. ఉన్న దేవుణ్ణే వాడుకోవాలి. ఫ్రెంచి విప్లవ కాలంలో రోబెస్పియర్ 'పరమ సత్త' పేరుతో కొత్త ఆరాధన పెట్టి 1794 జూన్ 8న ఆర్భాటంగా ఉత్సవం జరిపించాడు. జులై 28న ఆయన తల గిలొటిన్ కిందికి వెళ్ళింది. కొత్తగా కొలువులో చేరిన దేవుడికి పని అలవాటు కావాలంటే ఏడు వారాలు ఏ మూలకి?

ఇంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. పాలకుడి దేవుణ్ణే పాలితుడూ మొక్కుతాడు. అదే పుస్తకం చదువుతాడు. వెస్టిండీస్ బానిసల ఆత్మల మీద శ్రద్ధ పుట్టిన ఇంగ్లండ్ పెద్దలు దీనికో ఉపాయం కనిపెట్టారు. 1807లో లండన్‌లో బానిసల కోసం ప్రత్యేకంగా ఒక బైబిల్ అచ్చు వేశారు. 1,189 అధ్యాయాలున్న గ్రంథంలో 232 మిగిల్చారు. యోసేపును అన్నలు బానిసగా అమ్మేసిన కథ ఉంది. ఎంత బుద్ధిగా పనిచేస్తే ఎంత పైకొస్తారో చెప్పడానికి పనికొస్తుంది కాబట్టి ఉంది. బానిసలైన జనాన్ని మోషే విడిపించి తీసుకెళ్ళిన కథ లేదు. ఐగుప్తులో (ఈజిప్టులో) ఉన్న జనం అధ్యాయం తిప్పేసరికి సీనాయి కొండ దగ్గర తేలతారు. ఎలా వచ్చారు, ఎవరి నుంచి పారిపోయి వచ్చారు అని అడగకూడదు. వచ్చారు కాబట్టి పది ఆజ్ఞలూ వినాలి. కీర్తనలు మొత్తం పోయాయి. క్రీస్తులో దాసుడని లేదు, స్వతంత్రుడని లేదు అన్న వాక్యమూ పోయింది. దాసులు యజమానులకు లోబడి ఉండాలన్న మాట మాత్రం అక్షరం పోకుండా ఉంది. సంక్షిప్త ముద్రణలు నేను చాలా చూశాను కానీ ఇంత శ్రద్ధగా ఎడిటింగ్ చేసింది చూడలేదు.

ఇంత చేసినా లాభం లేకపోయింది. జమైకాలో శామ్ షార్ప్ అనే బానిసకు చదువొచ్చు. బాప్టిస్టు అనే క్రైస్తవ శాఖ సంఘంలో డీకన్, అంటే సంఘ పెద్ద కూడా. ఒక మనిషి ఇద్దరు యజమానులకు సేవ చేయలేడన్న సువార్త మాటను తనవాళ్ళకు పదేపదే చెప్పేవాడట. 1831 క్రిస్మస్ తర్వాత కూలి ఇస్తే తప్ప పనిలోకి దిగొద్దని అందరికీ నూరిపోశాడు. వేలాది మంది ఆ మాట విన్నారు. అది తిరుగుబాటుగా మారింది. సైన్యం అణిచేసింది, వందల మందిని చంపేశారు. షార్ప్‌ను 1832 మేలో ఉరితీశారు. మరుసటి ఏడాది బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం చేసింది.

తప్పెక్కడ జరిగిందో తోటల యజమానులు అప్పటికే తేల్చేశారు. బానిసలకు ప్రార్థనలు నేర్పిన మిషనరీలదే తప్పని, వాళ్ళ ప్రార్థనా మందిరాలను వరసబెట్టి ధ్వంసం చేశారు. ఏ పనైనా పద్ధతిగా జరగాలి కదా, అందుకోసం ఒక సంఘం కూడా పెట్టుకున్నారు. దాన్ని స్థాపించినాయన ఆంగ్లికన్ చర్చి, అంటే అదే ఇంగ్లండ్ చర్చి మతగురువు. సంఘం పేరు కలోనియల్ చర్చ్ యూనియన్.