అట్టపెట్టమ్మకు ఒక ఉత్తరం

మా వంటింట్లో సింకు పక్కన ఉంటున్న చిల్లుల అట్టపెట్టమ్మకు, హాల్లోంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. అంటే మేం కుశలమే. నీ ఇద్దరు బిడ్డల్లో ఒకరు మాత్రం కాదు కాబట్టి ఆ మాట సగమే చదువుకో.

మనం మొదట కలిసింది తిరుపతి గంగజాతర రోజుల్లో. మే నెల ఎండ. నీలో ఒక జత బాతుపిల్లలు, పక్క పెట్టెలో గులాబీ, పచ్చ, ఊదా రంగులు పూసిన కోడిపిల్లలు. గుడ్ల కోళ్ళ హ్యాచరీల్లో మగవిగా పుట్టినందుకు ఎవరికీ అక్కర్లేని జీవాలవి. ఊరంతా వేషాలు కడుతుంటే అవి మాత్రం ఎందుకు ఊరుకోవాలి? కాకపోతే బైరాగి వేషం వేసినవాడు అమ్మవారికి దండం పెట్టుకుని, ఇంటికెళ్ళి స్నానం చేస్తే పోతుంది. వీటి వేషం కొత్త ఈకలు వచ్చేదాకా పోదు. అంతదాకా ఎన్ని ఉంటాయో అడగడం మర్యాద కాదు.

"పిలకాయలు ఆడుకునేదానికి బాగుంటాది సార్, జత నూట ఇరవై" అన్నాడు అమ్మేవాడు. మావాడు అప్పటికే ఒకదాన్ని అరచేతిలో పెట్టుకున్నాడు. "వీటికి అమ్మ లేదా?" అనడిగాడు. అమ్మేవాడు నీ మీద ఒక్కటి చరిచి, "ఇదే వాళ్ళమ్మ. చివరి జత కదా, పెట్టె కూడా తీసుకుపోండి" అన్నాడు.

బిడ్డల్ని తల్లి దగ్గర్నుంచి లాక్కొచ్చి అమ్మడం పాపం కదా అని నాకూ ఒక నిమిషం అనిపించింది. తర్వాత తెలిసింది, లాక్కోవడానికి అక్కడ తల్లంటూ ఉంటేగా! గుడ్డు పెట్టడం వరకే బాతు వంతు. ఆ తర్వాత 28 రోజులూ మెషినే పొదుగుతుంది. పెట్టినదానికి పిల్ల పుట్టిన కబురే అందదు, ఇక ఏడుపెక్కడిది? ఇంత శుభ్రమైన ఏర్పాటు పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో తేల్చే మనుషుల కోర్టుల్లో కూడా లేదు.

దారి ఖర్చు కూడా ప్రకృతే పెట్టుకుంటోంది. గుడ్డులో మిగిలిన పచ్చసొన పుట్టేముందు పిల్ల కడుపులోకి వెళ్తుంది. దాంతో రెండు రోజులు తిండీ నీళ్ళూ లేకపోయినా నెట్టుకొస్తుంది. గూట్లో మిగతా గుడ్లు కూడా పగిలేదాకా తల్లి లేవకుండా కూర్చోవాలి కదా, అందుకని ఉన్న ఏర్పాటది. మనం దాన్ని లారీ ప్రయాణానికి వాడుకుంటున్నాం.

మా అవ్వ కూడా తక్కువ తినలేదులే. పాకాల దగ్గర మా ఊళ్ళో బాతులు సరిగ్గా పొదగవని, వాటి గుడ్లు తీసుకొచ్చి కోడి కింద పెట్టేది. కోడిగుడ్డుకు 21 రోజులు చాలు. పాపం ఆ కోడి ఇంకో వారం లెక్క తప్పిందనుకోకుండా కూర్చునేది. తీరా పిల్లలు పుట్టి కుంటలో దూకితే, గట్టు మీద అటూ ఇటూ పరిగెత్తుతూ గొంతు పోయేట్టు అరిచేది. మేం పడీ పడీ నవ్వేవాళ్ళం. అదీ మోసమే. కానీ పొద్దుగూకితే ఆ పిల్లలకి దూరేందుకు ఒక రెక్క ఉండేది.

నీకు రెక్కల్లేవు, నాకు బుద్ధి లేదు. చేపపిల్లకు ఈత నేర్పాలా అనుకుని, ఇంటికి రాగానే టబ్బులో నీళ్ళు పోసి రెండిట్నీ వదిలాను. మావాడు చప్పట్లు కొట్టాడు. తల్లి పొట్టకింద పెరిగే పిల్లకు ఆమె ఈకల నూనె అంటుతుందట. అది లేనిది చప్పున తడిసిపోతుంది. మొదటి వారం 32 డిగ్రీల వెచ్చదనం కావాలి. పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్ళో ఉంటూ ఈ ముక్క ముందుగా ఎవర్నీ అడగలేదు. వీధిలో ఎండ మాడ్చేస్తుంటే, మా ఇంట్లో కూలర్ ఎదురుగా నీ బిడ్డ చలికి చచ్చిపోయింది. కాళ్ళు చాపుకుని, మెడ నీ గోడకు ఆనించి పడుంది.

కేసు పెడతావేమోనని టెన్షన్ పడ్డాను. జంతువుల మీద క్రూరత్వాన్ని నివారించే చట్టం 1960లోనే వచ్చింది. మొదటి తప్పుకు జరిమానా 10 రూపాయల నుంచి 50 దాకా. బేరమాడాక ఒక్కో పిల్ల నాకు పడిందీ సరిగ్గా యాభయ్యే. చంపడానికీ కొనడానికీ ఒకటే రేటు పెట్టిన పెద్దలకు చేతులెత్తి మొక్కాలి.

మిగిలినది బాగానే ఉంది. పుట్టిన కొత్తలో ఎదురుగా ఏది కదిలితే దాన్నే అమ్మ అనుకుని వెంటపడతాయట ఇవి. పెద్దబాతు పిల్లల్లో ఈ సంగతి పరిశీలించిన శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ 1973లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. మనదేమో పగలంతా నా హవాయి చెప్పుల వెంట తిరుగుతుంది. బాత్రూమ్ దగ్గర కూడా వదలదు. చీకటి పడితే మాత్రం నీ దగ్గరికే వచ్చి, ఎర్రగడ్డలు పోసిన నీ పక్కన ఒదిగి పడుకుంటుంది.

మొన్న ఆదివారం పాత పేపర్లవాడు వస్తే, ఎర్రగడ్డలు గంపలోకి ఒంపి నిన్ను కూడా తూకం వేసేద్దామని తీశాను. మావాడు అడ్డం నిలబడ్డాడు.

"వాళ్ళమ్మను అమ్మేస్తావా నాన్నా?"

ఎర్రగడ్డలు మళ్ళీ నీలోనే పోశాను.

ఇట్లు,
జత నూటికి తెగ్గొట్టినవాడు